ఆరు వేల డాలర్లలో పాత టాహో: మూడింట్లో ఏది కొనాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఆఫీసుకీ బడికీ తిరగడానికి ఇంట్లో రెండు కార్లున్నాయి. నూజివీడులో మా పెదనాన్నగారి షెడ్డులో జీపుల కింద దూరి పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చాక సొంత కారుకి ఆయిల్ మార్చడం కూడా మానేశాను. మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడూ నేనూ కలిసి బాగుచేసుకోవడానికి పాత ఫుల్ సైజ్ ఎస్‌యూవీ ఒకటి కొందామని మొత్తం 6,000 డాలర్లు పక్కన పెట్టాను. మూడు కనిపించాయి. ఒకటి 2004 షెవర్లే టాహో జడ్71 (మట్టి రోడ్లకి పనికొచ్చే రకం): 1,96,000 మైళ్లు, మొదటి నుంచీ టెక్సాస్ బండే, పైన రంగు ఊడిపోయింది, 4,800 అంటున్నాడు. రెండోది టాహోకి పొడుగు రూపమైన 2003 షెవర్లే సబర్బన్: 1,38,000 మైళ్లే, లోపల కొత్తదానిలా ఉంది, ఒహైయో నుంచి వచ్చింది, 4,200. మూడోది 2007 టాహో: ఇంజిన్‌లో టక్‌టక్ చప్పుడు, "చిన్న రిపేరే" అంటున్నాడు, 2,500. మా ఆవిడ మూడూ వద్దంటోంది. ఏది కొనమంటారు? బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించొచ్చా? మూడేళ్లకి అబ్బాయికి అదే మొదటి కారుగా ఇవ్వొచ్చా? మాది హెచ్1బీ వీసా. ఇది కుదిరితే ఇంకో రెండు మూడు కొని, బాగుచేసి అమ్ముదామని కూడా ఉంది.

జవాబు: రంగు ఊడిపోయిన టాహో. అదీ ధర బాగా దిగితేనే, చల్లటి ఇంజిన్ మీద చూశాకే. మిగతా రెండూ వదిలేయండి. ఈ మూడూ రేపటికి అమ్ముడుపోవచ్చు, వచ్చే నెల మీకు ఇలాంటివే ఇంకో మూడు కనిపిస్తాయి కాబట్టి కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు 2007 టాహో సంగతి తేల్చేద్దాం. ఆ మోడల్‌తో షెవర్లే యజమాని జీఎం (జనరల్ మోటార్స్) ఈ బళ్లని పూర్తిగా మార్చేసింది. గ్యాస్ (పెట్రోలు) ఆదా చేయడానికి 5.3 లీటర్ల వి8 ఇంజిన్‌లో, హైవే మీద బరువు లేనప్పుడు నాలుగు సిలిండర్లు ఆగిపోయే ఏర్పాటు పెట్టింది. ఆ నాలుగింటికీ వాల్వులు ఎత్తే ప్రత్యేకమైన లిఫ్టర్లుంటాయి. ఆయిల్ ప్రెషర్‌తో అవి ముడుచుకోవాలి, మళ్లీ తెరుచుకోవాలి. ముడుచుకున్నది తెరుచుకోకుండా ఉండిపోతే టక్‌టక్ మొదలవుతుంది. లిఫ్టర్ చిన్న వస్తువే, రెండు వేళ్ల మధ్య పడుతుంది. దాన్ని చేరుకోవాలంటే మాత్రం ఇన్‌టేక్ విప్పి సిలిండర్ హెడ్ దించాలి. దించాక ఆ లిఫ్టర్లని కదిలించే క్యామ్‌షాఫ్ట్ కూడా అరిగిపోయినట్టు తేలితే ఇంజిన్ ముందు భాగమంతా ఊడదీయాలి. నిజంగా చిన్న రిపేరే అయితే అమ్మేవాడు తనే చేయించుకుని రెట్టింపు ధరకి అమ్ముకునేవాడు కదండీ. పైగా 2007 నుంచి 2014 వరకు వచ్చిన ఈ బళ్లకి ప్యాసింజర్ వైపు టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (కంపెనీయే వెనక్కి పిలిచి మార్చివ్వడం) ఉంది. 2020 ఆఖర్లో ప్రభుత్వం పట్టుబట్టి చేయించింది. ఆ ఏళ్ల బండి ఏది చూసినా విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి, ఆ పని అయిందో లేదో చూడండి. డబ్బు కట్టక్కర్లేదు.

మిగతా రెండూ 2000 నుంచి 2006 దాకా వచ్చిన తరం. నా అభిప్రాయంలో తక్కువ డబ్బుతో నేర్చుకోవాలనుకునేవాళ్లకి అమెరికాలో ఇంతకంటే మంచి ఫుల్ సైజ్ ఎస్‌యూవీ లేదు. 5.3 ఇంజిన్‌కి ఇనప బ్లాకు, సిలిండర్లు ఆపే గొడవ లేదు. అదే కుటుంబం ఇంజిన్లు సిల్వరాడో పికప్పుల్లో లక్షల కొద్దీ ఉన్నాయి కాబట్టి ఏ జంక్‌యార్డ్‌కి వెళ్లినా సామాను దొరుకుతుంది. ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ ఇంకా చవగ్గా వస్తుంది గానీ దాని 5.4 ఇంజిన్‌తో స్పార్క్ ప్లగ్గుల తలనొప్పి. పాతవాటిలో ప్లగ్గు మరలు తెంచుకుని బయటికి ఎగిరిపోయేది. 2005 నుంచి వచ్చినవాటిలో విప్పబోతే సగం విరిగి లోపలే ఉండిపోతుంది. పదమూడేళ్ల పిల్లాడికి మొదటి పాఠంగా అది పెట్టకండి. టయోటా సెకోయా మంచి బండే, కానీ ఆ పేరుకే ధర పెరుగుతుంది, మీ 6,000లో మిగిలేది ఏమీ ఉండదు. దానికి 90,000 మైళ్లకోసారి టైమింగ్ బెల్ట్ ఖర్చు కూడా ఉంది.

ఇక సబర్బన్. మీ మనసు దాని మీదే ఉందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. మైళ్లు తక్కువ, సీట్లు శుభ్రం, ధర తక్కువ. దాని కింద పడుకుని చూశారా? ఒహైయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఫోన్ లైటు వేసుకుని డ్రైవర్ తలుపు కిందకి దూరండి. ఛాసీ పట్టీ లోపలి అంచు వెంబడి పెన్సిల్ కంటే సన్నటి ఉక్కు గొట్టాలు పక్కపక్కనే వెనక్కి పోతుంటాయి. అవే బ్రేక్ లైన్లు. వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పుల దగ్గర ఉప్పూ మట్టీ ఇరుక్కుని గొట్టాన్ని తుప్పు తినేస్తుంది. పైకి పొట్టు లేచినట్టు కనిపిస్తుంది, గోరుతో గీస్తే రేకులు రేకులుగా రాలుతుంది. అలాంటి గొట్టం ఎప్పుడు పగులుతుందంటే, మీరు గట్టిగా బ్రేకు తొక్కినప్పుడే. 1999 నుంచి 2003 వరకు వచ్చిన జీఎం ట్రక్కులూ ఎస్‌యూవీల మీద ఇదే విషయమై ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఏళ్ల తరబడి దర్యాప్తు చేసి, 2015లో రీకాల్ లేకుండానే మూసేసింది. వయసుతో వచ్చే అరుగుదల, కింద కడుక్కుంటూ చూసుకుంటూ ఉండండి అని యజమానులకి చెప్పింది. అంటే ఆ ఖర్చు ఇప్పుడు కొన్నవాడిదే.

బ్రేక్ లైన్లు మార్చుకోవచ్చు, రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి. కానీ తుప్పు బ్రేక్ లైన్లతో ఆగదు. విప్పబోయిన ప్రతి బోల్టూ విరుగుతుంది, ఒక గంట పని శనివారమంతా పడుతుంది. పిల్లాడికి మెకానిక్కు పని మీద కాదు, మీ తిట్ల మీద పట్టు వస్తుంది.

సబర్బన్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దాని పొడవు 219 అంగుళాలు. మామూలు ఇరవై అడుగుల గరాజ్ అంటే 240. తలుపు వేసుకుంటే ముందూ వెనకా కలిపి రెండడుగులు కూడా మిగలదు, బానెట్ ముందు నిలబడి రేడియేటర్ మీద వంగడానికి చోటుండదు. టాహో 200 అంగుళాల లోపే, సుఖంగా పడుతుంది. డ్రైవ్‌వేలో చేసుకుందాం అనుకుంటే ముందు మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్సు చదవండి. బండి జాకీ మీద లేచి కనిపించగానే ఉత్తరం పంపే హెచ్‌ఓఏలు చాలా ఉన్నాయి.

టాహో చూడ్డానికి వెళ్లే ముందు అమ్మేవాడికి ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఈ ఇంజిన్ దాచే విషయాలన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాలు పక్క నుంచి టిక్‌టిక్ వినిపించి, వేడెక్కాక ఆగిపోతే, ఇంజిన్ నుంచి పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టు విరిగి ఉంటుంది. వీటిలో చాలా మామూలు, భయపడక్కర్లేదు, బేరానికి పనికొస్తుంది. వేడెక్కాక కూడా లోపలి నుంచి దడదడ వస్తే మాత్రం వెనక్కి తిరగండి.

రేడియేటర్ ట్యాంకులో కూలంట్ నారింజ రంగులో, పలచగా ఉండాలి. గోధుమ రంగు బురదలా ఉంటే ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదని అర్థం. ఈ ఏళ్ల కొన్ని ఇంజిన్లలో, క్యాస్టెక్ అనే గుర్తున్న సిలిండర్ హెడ్లు సన్నగా చిట్లి, బయట ఒక్క చుక్క కారకుండానే కూలంట్ తాగేస్తాయి. పోత పోసిన ఆ గుర్తు హెడ్ మీదే ఉంటుంది. ఉన్నంత మాత్రాన బండి వదలక్కర్లేదు, కూలంట్ ఎప్పుడు, ఎంత పోశారని అడగండి.

అసలు పరీక్ష గేర్‌బాక్స్‌ది. ఈ టాహోలో ఉండే 4ఎల్60-ఇ ఆటోమేటిక్ ఈ తరంలో అన్నిటికంటే బలహీనమైన భాగం. కనీసం అరగంట నడిపి, బాగా వేడెక్కాక చూడండి. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి రయ్యిమని పైకి లేచి, తర్వాత గేరు పడితే లోపలి క్లచ్ ప్లేట్లు అయిపోవచ్చాయి. రివర్స్ పెట్టాక బండి కదలడానికి ఆలోచిస్తే అదీ చెడ్డ కబురే. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద తుడవండి. ఎర్రగా ఉంటే మంచిది, ముదురు గోధుమ రంగులో మాడు వాసన వస్తే కాదు. బాగు చేయిస్తే మూడు వేలు దాటుతుంది. అంటే మీ బడ్జెట్‌లో సగం.

ఫోర్ వీల్ డ్రైవ్ బటన్లన్నీ మట్టి రోడ్డు మీద నొక్కి చూడండి. ఆ తర్వాత కింద ఇంకో చిన్న పని ఉంది. గేర్‌బాక్స్ వెనక ఉండి ముందు చక్రాలకీ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లోపలి ఆయిల్ పంపు కదిలి కదిలి, దాని పెట్టెకి సూది మోపినంత కన్నం పెడుతుంది. ఆ కన్నం పై భాగంలో ఉంటుంది కాబట్టి బండి నిలబడి ఉన్నప్పుడు నేల మీద చుక్క పడదు, నడిచేటప్పుడే కాస్త కాస్త ఎగిరిపోతుంది. ఎవరికీ తెలియకుండా పెట్టె ఎండిపోయి ఒకరోజు బిగుసుకుపోతుంది. అందుకని అమ్మేవాడు ఒప్పుకుంటే పై ప్లగ్గు విప్పి చిటికెన వేలు పెట్టి చూడండి. ఆ ప్లగ్గు కన్నం అంచు దాకా ఆయిల్ తగలాలి. దీనికి జీఎం ఇచ్చే ఆయిల్ నీలం రంగులో ఉంటుంది, ఇంకో రంగు కనిపిస్తే ఏం పోశారని అడగండి. కొన్నాక ఆ పంపు కింద పెట్టే చిన్న రక్షణ పలక ఒకటి తెప్పించి వేసుకుంటే ఇక ఆ బెంగ ఉండదు.

ఏసీ ముందూ వెనకా రెండూ వేసి చూడండి. వెనక ఏసీకి బండి కింది నుంచి పోయే అల్యూమినియం పైపులు కారడం మామూలే. ఆగస్టులో మీ ఊళ్లో ఏసీ లేని నల్ల సీట్ల బండి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. స్పీడు ముల్లు పిచ్చిగా ఊగుతున్నా, సున్నా దగ్గర ఆగకపోయినా పట్టించుకోకండి. 2003 నుంచి ఈ బళ్ల డ్యాష్‌బోర్డు ముళ్లని తిప్పే బుల్లి మోటార్లు అందరికీ పోయాయి. కొత్తవి తెప్పించి భోజనాల బల్ల మీద సోల్డరింగ్ చేసుకోవచ్చు. మీ ఇద్దరికీ అది మంచి మొదటి పని.

బండి కంప్యూటర్‌లోని తప్పు కోడ్లు చదివే స్కానర్ ఒకటి కొని పట్టుకెళ్లండి. ఇరవై ముప్పై డాలర్లది చాలు. తప్పు కోడ్లు లేవని సంబరపడొద్దు, "రెడీనెస్ మానిటర్లు" అనే పేజీ తెరవండి. చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే, మీరు వచ్చేముందే ఎవరో కోడ్లు తుడిచేశారు లేదా బ్యాటరీ విప్పారు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బళ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, మీ కాలిన్ కౌంటీ, పక్క డెంటన్, డల్లాస్ కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు బళ్లన్నిటికీ అది తప్పదు. 2004 టాహో ఇంకా ఆ లెక్కలోనే ఉంటుంది. సేఫ్టీ తనిఖీ లేదు కాబట్టి బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ చూసే బాధ్యత ఇప్పుడు పూర్తిగా మీ మీదే.

కాగితాలకొస్తే, టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద అమ్మేవాడి పేరే ఉండాలి. "మా కజిన్‌ది", "పాత ఓనర్ సంతకం పెట్టేశాడు" అన్న కథ వింటే వచ్చేయండి. శాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలాంటిదాన్ని మళ్లీ బాగుచేసింది) అన్న ముద్ర ఉంటే ఈ మొదటి బండికి వద్దు. 2017లో హ్యూస్టన్ మునిగినప్పటి బళ్లు ఇంకా చేతులు మారుతున్నాయి. కార్పెట్ మూల లేపి సీటు పట్టాల మీద బురద, తుప్పు చూడండి. మైళ్ల సంగతి ఒకటి గుర్తుంచుకోండి. 2010, అంతకు ముందు మోడళ్లకి మీటరు లెక్క టైటిల్ మీద రాసివ్వాలన్న నియమం ఇప్పుడు వర్తించదు. కాబట్టి మీటరు చెప్పే మాట కంటే సర్వీసు రసీదుల కట్టకే విలువివ్వండి. ట్యాక్సు 6.25 శాతం, మీరిచ్చిన ధర మీద గానీ, రాష్ట్రం ఆ బండికి కట్టిన విలువలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద. "గిఫ్ట్ అని రాసుకుందాం, పది డాలర్లతో పోతుంది" అంటాడు అమ్మేవాడు. ఆ వెసులుబాటు దగ్గరి కుటుంబ సభ్యులకే. వీలైతే ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి అక్కడే పేరు మార్పించుకోండి.

ధర దగ్గరికొస్తున్నాను. మీ దగ్గరున్నది 6,000. బండికి 4,000 దాటనివ్వకండి. ఊడిన రంగు, బీటలేసిన డ్యాష్‌బోర్డు ఎండ చేసిన పనే, బండి నడకకి అడ్డం కాదు, కానీ బేరానికి అవే ఆయుధాలు. మిగిలిన 2,000లో నాలుగు టైర్లకే దాదాపు సగం పోతుంది, ఆపైన బ్యాటరీ, ఆయిళ్లు, పనిముట్లు. ఐదు వేల పౌండ్ల పైచిలుకు బరువున్న బండి ఇది. మూడు టన్నుల జాకీ, దాంతోపాటు మంచి జాక్ స్టాండ్లు కొనండి. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడొద్దు. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందకి మీ అబ్బాయి చెయ్యి కూడా వెళ్లకూడదు.

కొన్నాక మీరు పాటించాల్సింది ఒకటే: బండి నడుస్తూ ఉండగానే బాగుచేయండి. ఈ ప్రాజెక్టులు చెడేది డబ్బు చాలక కాదు. మొదటి వారమే ఇంటీరియర్ అంతా ఊడదీసి, ఇంజిన్ సగం విప్పి, దీపావళికి బిగిద్దాం, క్రిస్మస్‌కి బిగిద్దాం అని ఊరుకుంటారు. గరాజ్‌లో డబ్బాల మధ్య అది అలా ఉండిపోతుంది. శనివారం పొద్దున విప్పింది ఆదివారం సాయంత్రానికి బిగిసి, వీధి చుట్టూ ఒక చక్కరు కొట్టగలిగేంత పనే ఎత్తుకోండి. మొదట గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక డిఫరెన్షియళ్లు, బ్రేకులు, రేడియేటర్, అన్నిటిలోనూ కొత్త ద్రవాలు. తర్వాత ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు, వైర్లు. స్టీరింగ్ తిప్పితే కాలి దగ్గర టక్కుమంటే స్టీరింగ్ కింద ఉండే ఇంటర్మీడియట్ షాఫ్ట్ మార్చాలి. అది పిల్లాడే చేయగలడు. చక్రం నట్లు 140 పౌండ్-ఫీట్‌కి టార్క్ రెంచ్‌తో బిగించడం వాడికి అప్పజెప్పండి, క్లిక్కుమనే శబ్దం పిల్లలకి నచ్చుతుంది.

లిఫ్ట్ కిట్ వద్దు. టాహో ఎత్తు దాదాపు 77 అంగుళాలు, మామూలు గరాజ్ తలుపు 84. నాలుగు అంగుళాల లిఫ్ట్, పెద్ద టైర్లు కలిస్తే రూఫ్ రాక్ తలుపుకి తగులుతుందేమోనని ప్రతిసారీ భయపడుతూ పెట్టాలి. చవగ్గా ముందు సస్పెన్షన్‌లోని టార్షన్ బార్లు బిగించి ఎత్తితే బాల్ జాయింట్లు, యాక్సిళ్లు తొందరగా పోతాయి. రెండేళ్లు మామూలుగా నడిపాక కూడా కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

అబ్బాయికి మొదటి కారుగా ఇవ్వడం విషయంలో మాత్రం నేను మీ ఆవిడ పక్షమే. బండి జారిపోకుండా దానంతటదే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడల్ నుంచే అన్ని కార్లకీ తప్పనిసరి అయింది, ఈ టాహోల్లో అన్నింట్లోనూ లేదు. ఎత్తైన, బరువైన బండి. అప్పుడే లైసెన్స్ వచ్చిన పదహారేళ్ల పిల్లాడు భయంతో స్టీరింగ్ ఒక్కసారి లాగితే అది సర్దుకోదు. పదిహేనేళ్లకి లెర్నర్ పర్మిట్ వచ్చాక పక్కన మీరు కూర్చుని ఖాళీ పార్కింగ్ లాట్‌లో తిప్పించండి. వాడికి మాత్రం 2012 తర్వాతి మామూలు సెడాన్ ఏదైనా చూడండి. మీ ఆవిడ మూడూ వద్దనడానికి కారణం గ్యాస్ అయితే, ఆవిడ అన్నదీ నిజమే. ఇది గ్యాలన్‌కి 15 మైళ్ల దగ్గర్లో తిరుగుతుంది, 26 గ్యాలన్ల ట్యాంకు. గ్యాలన్ మూడు డాలర్లనుకున్నా నింపిన ప్రతిసారీ 78 డాలర్లు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్లనని ముందే చెప్పండి.

కొని, బాగుచేసి, అమ్మే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. మీ సొంత బండి మీద మీరు చేసుకునే పనికి వీసాతో సంబంధం లేదు. లాభం కోసం వరసగా కొని బాగుచేసి అమ్మితే అది వ్యాపారం, హెచ్1బీ మీకు ఇచ్చిన అనుమతి మీ కంపెనీ ఉద్యోగానికే. ఒకే ఏడాదిలో ఐదో బండి అమ్మాలంటే టెక్సాస్ డీలర్ లైసెన్స్ కూడా అడుగుతుంది. ఎప్పుడో ఈ టాహోనే తీసేయాలనిపించి అమ్ముకుంటే సరే, అంతకు మించి అనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయరుని అడగండి.

టాహో వాడు 4,000కి దిగకపోయినా, స్టార్ట్ చేయొద్దంటే విసుక్కున్నా, వదిలేయండి. ఇదే తరం బళ్లు ఆస్టిన్ దాకా వెతికితే ప్రతి వారం కనిపిస్తాయి. రెండువేల అయిదు, ఆరు మోడళ్లు కూడా చూడండి. ఒక్క ఒహైయో లాంటి ఉత్తరాది రాష్ట్రాల నంబరు ప్లేటు తగిలించుకొచ్చినవి మాత్రం ఎంత మెరుస్తున్నా కింద పడుకుని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.